విదేశీ ట్రిప్ ముగించుకుని సుదూర విమానంలో ఇంటికి వచ్చేటప్పుడు అలసట తగ్గాలంటే ఏం చేయాలి?

వెళ్లేటప్పుడు హుషారుగా వెళ్లాం, వచ్చేటప్పుడు మాత్రం ఒళ్లు హూనమైపోయింది, ఎందుకిలా అని అడిగారు. ఉద్యోగరీత్యా నేను దూరదేశాలకు తరచూ వెళ్లి వస్తుంటాను. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వచ్చిన అనుభవం కూడా ఉంది. నేను గమనించిందేమిటంటే, ఈ అలసట చాలావరకు విమానం ఎక్కకముందే మొదలవుతుంది.

వెళ్లే ప్రయాణానికి నెలల తరబడి ప్లాన్ చేస్తాం. వచ్చే ప్రయాణానికి టికెట్ తప్ప ఏ ప్లానూ ఉండదు. మిగిలిపోయిన చోట్లన్నీ చివరి రోజే చూసేయాలనుకుంటాం, అర్ధరాత్రి దాకా సూట్‌కేసులు సర్దుతాం, సరిగ్గా నిద్రపోకుండానే ఎయిర్‌పోర్టుకు పరుగెడతాం. అందుకే నా మొదటి సలహా: చివరి రోజును ఖాళీగా వదిలేయండి. ముందు రోజు సాయంత్రానికే సామాను సర్ది, తూకం చూసేసుకోండి. ఎంత మంచి చోటు మిగిలిపోయినా సరే, ఆ రాత్రి నిద్ర దానికంటే విలువైనది.

మధ్యలో విమానం మారాల్సి ఉంటే మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, మిమ్మల్ని తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్ మీద ఉంటుంది. విడివిడిగా కొంటే ఆ భారం, ఆ టెన్షన్ రెండూ మీవే. చెక్-ఇన్‌లో బ్యాగ్‌కు ట్యాగ్ కట్టేటప్పుడు దాని మీది మూడక్షరాల కోడ్ మీరు చివరగా దిగే ఎయిర్‌పోర్టుదేనా అని చూడండి. కొన్ని దేశాల్లో మాత్రం మధ్యలోనే బ్యాగ్ తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి, అది అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

ఒకసారి మేం దిగాం కానీ మా బ్యాగ్ దిగలేదు. బయటికి రాకముందే కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ (బ్యాగ్ రాలేదని ఎయిర్‌లైన్స్‌కు ఇచ్చే ఫిర్యాదు పత్రం) రాయించాం, నంబర్ తీసుకున్నాం. తర్వాత బ్యాగ్ ఇంటికి చేరింది. ఎంత నీరసంగా ఉన్నా ఈ పని వాయిదా వేయకండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో ఎయిర్‌లైన్స్ బాధ్యతలను చెప్పే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట, బ్యాగ్ దెబ్బతింటే అది చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రోజూ వేసుకునే మందులు, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంక్ కూడా అంతే, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు.

ఇక విమానంలో. క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. గాలిలో తేమ చాలాసార్లు 20 శాతం కంటే తక్కువ. ముక్కు, గొంతు, కళ్లు ఎండిపోవడం, కడుపు ఉబ్బరంగా అనిపించడం ఇందువల్లే. నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి, మద్యం జోలికి వెళ్లకండి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించిన అధ్యయనంలో తేలింది. ఆరోగ్యవంతులకు అది 6,000 మందిలో ఒకరికి వచ్చేంత తక్కువే కాబట్టి భయపడక్కర్లేదు, కానీ లేచి నడవాలి. అమ్మకు నడవ పక్క సీటు తీసుకున్నది అందుకే, ఎవర్నీ లేపకుండా తనంతట తను లేచి తిరగగలిగింది. డాక్టర్‌ని అడగకుండా నిద్రమాత్ర వేసుకోకండి. మత్తులో గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోతారు.

ఇల్లు చేరాక వచ్చేది జెట్ లాగ్, అంటే దేశాల మధ్య టైమ్ తేడా వల్ల నిద్ర గాడి తప్పడం. మన శరీరంలోని గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువ నిడివితో నడుస్తుంది. అందుకే రోజును సాగదీసే పడమటి ప్రయాణం తేలిక, రోజును కుదించే తూర్పు ప్రయాణం కష్టం. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున సర్దుకుంటుందని లెక్క వేసుకోండి.

దిగగానే పొద్దుటి ఎండలో తిరగమని అందరూ చెబుతారు. అది అన్నిసార్లూ పనికిరాదు. తూర్పుకు 8 గంటల తేడా దాటి వచ్చారనుకోండి. ఇంటి దగ్గర ఉదయం 8 అయినప్పుడు మీ శరీరం లెక్కలో అది అర్ధరాత్రి. ఆ వేళలో కళ్లకు తగిలే వెలుగు గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. అలాంటప్పుడు మొదటి రెండు రోజులు ఉదయం పూట నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మధ్యాహ్నం దాటాక బయట తిరగడం మేలు. తేడా ఐదారు గంటల్లోపే ఉంటే మాత్రం ఉదయం కాస్త పొద్దెక్కాక ఎండలోకి వెళ్లొచ్చు. పడమటికి వచ్చినవాళ్లు సాయంత్రం వెలుగులో గడిపి, కళ్లు మూసుకుపోతున్నా రాత్రి దాకా ఆగాలి. పగలు మరీ ఆగలేకపోతే అరగంట కునుకు చాలు, అలారం పెట్టుకోండి.

దిగిన రోజు మీరు కారు నడపొద్దు, దయచేసి ఇంకెవరినైనా రమ్మనండి. వీలైతే మర్నాడే ఆఫీసు పెట్టుకోకండి. తర్వాతి నాలుగు వారాల్లో ఎప్పుడైనా ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది పైన చెప్పిన రక్తం గడ్డ వల్ల కావచ్చు, ప్రయాణ బడలిక అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, విమానంలో ఎన్ని గంటలు కూర్చున్నారో కూడా డాక్టర్‌కి చెప్పండి.