వైర్‌లెస్ చార్జర్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: ఆర్నెల్ల క్రితం ఎలక్ట్రిక్ కారు కొన్నాను. జీతం 82 వేలు. ఇంటి ఖర్చు 45 వేలు, కారు ఈఎంఐ 21,500. బ్యాంకులో 60 వేలున్నాయి. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. వానలో చార్జింగ్ కేబుల్ పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంటోంది. కారు కింద రిసీవర్, పార్కింగ్‌లో ప్యాడ్ బిగించి వైర్‌లెస్ చార్జింగ్ పెట్టడానికి బయటి సంస్థ ఒకటి రూ.2.5 లక్షలు అడుగుతోంది. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతుంది. ఆ సంస్థకు కట్టాల్సిన అడ్వాన్సు కోసం లోన్ యాప్‌లో అప్పు తీసుకోనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండి, రెండూ వద్దు. బండి అప్పు తీరకముందే దాని హంగులకు మరో అప్పు చేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే మీ లేఖ తీసుకున్నాను.

మీ నెల ఖర్చు, ఈఎంఐ కలిపి 66,500. చేతిలో ఉన్నది 60 వేలు. అంటే జీతం ఒక్క నెల ఆగినా కారు వాయిదా తప్పుతుంది. ఈ పరిస్థితిలో నెలకు దాదాపు 8,540 చొప్పున కొత్త వాయిదా నెత్తినేసుకుంటారా? వడ్డీయే 57 వేలు దాటుతుంది. ఇక లోన్ యాప్ సంగతి: అడ్వాన్సుకే అప్పు కావాల్సి వస్తోందంటే ఆ వస్తువు కొనే స్తోమత ఇప్పుడు లేదనే. ఆ యాప్ ఫోన్‌లో ఉంటే ఈరోజే తీసేయండి.

సాంకేతికత నిజమైనదే. వాహన ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఎస్ఏఈ 2020లో తెచ్చిన వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణం జే2954, 11 కిలోవాట్ల దాకా అనుమతిస్తుంది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్, నాగపూర్‌లోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ వీఎన్ఐటీ కలిసి రూపొందించిన వైర్‌లెస్ చార్జర్ 1.5 కిలోవాట్లది. అంత చిన్న చార్జర్‌తో 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే 20 గంటలు దాటుతుంది. మీకు చెబుతున్నది ఎన్ని కిలోవాట్లో అడిగారా? పైగా బయటివాళ్లు కారు వైరింగ్‌లో చెయ్యి పెడితే వారంటీ పోవచ్చు, మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్‌కూ చిక్కే.

వాన భయానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పరీక్ష చేయించండి, చార్జర్ పైన రేకు వేయించండి.

మీకు మిగిలే 15,500లో 12 వేలు ప్రతి నెలా జీతం పడిన మర్నాడే ఆర్‌డీకి (బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌కు) వెళ్లేలా పెట్టండి. ఉన్న 60 వేలతో కలిపి రెండున్నరేళ్లలోపే 4 లక్షలు, అంటే ఆర్నెల్ల ఖర్చు, జమవుతుంది. అది నిండేదాకా మ్యూచువల్ ఫండ్లు, బంగారం ఆలోచన పక్కన పెట్టండి. మిగతా 3,500 సొంత ఆరోగ్య బీమాకు, టర్మ్ పాలసీకి. ఆఫీసు బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. కార్ల కంపెనీలే వైర్‌లెస్ రిసీవర్ బిగించి అమ్మే రోజు వస్తే, తర్వాతి కారు కొనేటప్పుడు చూసుకోవచ్చు.