గట్టి జెల్ కన్నా ముందు అడగవలసినది

విశాఖపట్నం,
లాసన్స్ బే కాలనీ.

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం బీచ్ రోడ్డులో నడుస్తూ, చమురు బావుల్లోకి వచ్చే నీటిని ఆపడానికి లోపలికి పంపి గట్టిపరిచే పాలిమర్ ముద్ద, అదే జెల్, అన్నిటికన్నా గట్టిగా ఏ పాళ్ళలో కుదురుతుందని అడిగావు. ప్రాజెక్టులో చేరిన వారానికే ఆ ప్రశ్న రావడం సహజమే గాని, దానికన్నా ముందు అడగవలసినది ఒకటుంది: ఆ బావిలోకి నీరు ఏ దారిన వస్తోంది?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మేము ఈ ప్రశ్న అడగకుండానే ఒక బావిలోకి జెల్ పంపించాం. నీరు తగ్గింది, కాని చమురు అంతకన్నా ఎక్కువగా తగ్గింది. తరవాత లాగింగ్ చేయిస్తే, అంటే బావిలోకి పరికరాలు దింపి కొలిపిస్తే, కేసింగ్ (బావి గోడకు దింపే ఉక్కు గొట్టం) వెనక సిమెంటు సరిగా పట్టని సందులోంచి నీరు పైపొర నుంచి దిగివస్తోందని తెలిసింది. జెల్‌లో ఏ లోపమూ లేదు. మేము మూయవలసిన సందును వదిలేసి, చమురిచ్చే పొరను మూశాం. ఆ బావి ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

కేసింగ్‌కు చిల్లు పడిందా, చమురును నెట్టడానికి నీటిని ఎక్కించే పక్క బావి నుంచి పగులు ఒకటి నేరుగా ఇటు తెరుచుకుందా, నీరు సులువుగా పారే పొర ఒకటి మధ్యలో ఉందా, లేక అడుగునున్న నీరే శంకువులా పైకి లేస్తోందా అన్నది ముందు తేల్చుకో. నీటికీ చమురుకూ ఉన్న నిష్పత్తినీ, అది మారే వేగాన్నీ కాలంతో పాటు లాగరిథమ్ గ్రాఫు మీద గీసి చూసే పద్ధతిని చాన్ అనే ఇంజినీరు 1995లో ప్రతిపాదించాడు. అది దారి చూపుతుంది గాని, తీర్పు చెప్పదు. పగుళ్ళలోనైతే జెల్ చక్కగా పనిచేస్తుంది. పగుళ్ళు లేని రాతిలో అడుగు నుంచి నీరు లేస్తున్నప్పుడు దానిని నమ్ముకోవద్దని నా అభిప్రాయం. జెల్ చమురుకన్నా నీటిని ఎక్కువగా అడ్డుకుంటుందన్నది నిజమే అయినా, ఆ గుణం మీదే భరోసా పెట్టుకొని, ప్యాకర్లతో (బావిలో పొరల మధ్య బిగించే అడ్డుబిరడాలతో) వేరుచేయకుండా అన్ని పొరల్లోకీ పంపితే మాకు జరిగినదే మళ్ళీ జరుగుతుంది.

ఇక ప్రయోగశాలలో జెల్‌ను పరీక్షించే సీసాల సంగతి. పాక్షికంగా హైడ్రోలైజ్ అయిన పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్ 0.5 శాతం, దాని గొలుసులను ముడివేసే క్రోమియం అసిటేట్ దానిలో పన్నెండో వంతు, అంటే సుమారు 0.04 శాతం, తక్కినదంతా ఉప్పునీరు. ఇది ఎందరో వాడిన కూర్పు, 41 డిగ్రీల వద్ద ఐదు గంటల ప్రాంతంలో గట్టిపడుతుంది. తాటిముంజెలా నిలిచే ఆ ముద్దలో దాదాపు అంతా నీరే. పాలిమర్ పొడిని తొందరపడి పోయకు. మరిగే నీళ్ళలో రవ్వ ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కట్టినట్టే ఇదీ కడుతుంది. నీరు సుడి తిరుగుతుండగా ఆ సుడి వాలు మీద చిటికెడు చిటికెడుగా చల్లి, ఆ తరవాత వేగం బాగా తగ్గించి రాత్రంతా నెమ్మదిగా తిప్పు. వేగంగా తిప్పితే పాలిమర్ అణువుల పొడవాటి గొలుసులు తెగిపోతాయి. మర్నాడు బీకరును వెలుగుకు ఎదురుగా పట్టి చూడు. చేపకళ్ళలాంటి చుక్కలు కనిపిస్తే పారబోసి మళ్ళీ మొదలుపెట్టు. క్రోమియం ఆరు వేలెన్సీది విషం, క్యాన్సర్ కారకం కాబట్టి మూడు వేలెన్సీది మాత్రమే వాడు. చేతికి తొడుగులు మరవకు.

సిడాన్స్క్ అనే పరిశోధకుడు ఏర్పరచిన A నుంచి J వరకు ఉన్న గుర్తులతో సీసాను తలకిందులు చేసి జెల్ ఎంతవరకు జారిందో రాయడం నీకు నేర్పే ఉంటారు. అయితే మొదటి రోజు వచ్చిన గుర్తును చూసి మురిసిపోవద్దు. పెరుగు మీద నీరు తేలినట్టు, మంచి జెల్ కూడా కొన్ని వారాలకు కుంచించుకుపోయి నీటిని వదిలేయవచ్చు. వేడికి పాలిమర్ గొలుసుల మీది అమైడ్ గుంపులు కార్బాక్సిల్‌గా మారుతుంటే, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వాటిని పట్టి దగ్గరకు లాగడమే ఇందుకు ముఖ్యకారణం. అందువల్ల కుళాయి నీటితో చేసిన పరీక్ష బావికి పనికిరాదు. అక్కడి నీటి విశ్లేషణ తెప్పించుకుని, అవే లవణాలను అవే పాళ్ళలో కలుపుకో. నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమి, గాజు గొట్టాన్ని మంటతో మూసి, బావి వేడిలోనే ఉంచు. నూరు డిగ్రీలు దాటితే గొట్టం పగిలే ప్రమాదం ఉంది కనుక నీకూ దానికీ మధ్య రక్షణ తెర తప్పనిసరి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్ని బావుల అడుగున 150 డిగ్రీలు దాటే వేడి ఉంటుంది. అక్కడ క్రోమియం జెల్ మరీ తొందరగా గట్టిపడుతుంది కాబట్టి గొలుసులను ముడివేయడానికి పాలీఇథిలీనిమీన్ వంటి కర్బన క్రాస్‌లింకర్లను పరీక్షించు.

మొదటి నెల గడిచాక, ఏ రోజు ఏ సీసా ఎంత నీరు వదిలిందో రాసుకున్న పుస్తకం తీసుకుని ఇంటికి రా. అత్తయ్య కూడా నిన్ను చూడాలంటోంది. జెల్ చెడిపోయిన సీసాలను పారేయకుండా అవి కూడా లెక్కలో ఉంచు, ముందు వాటితోనే మొదలుపెడదాం.

ఇట్లు,
మామయ్య