గులాబి: పువ్వా, నీరా?

సందేహం: ‘గులాబి’ అనే మాటలో ‘నీరు’ ఉందని ఒక మిత్రుడు అంటున్నాడు. పువ్వు పేరులో నీరు ఎందుకుంటుంది? ‘గులాబి’ అని రాయాలా, ‘గులాబీ’ అనా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమే. ఫారసీలో ‘గుల్’ అంటే పువ్వు, ముఖ్యంగా గులాబి పువ్వు. ‘ఆబ్’ అంటే నీరు. పంజాబ్‌లో ఉన్నది ఈ ‘ఆబ్’ మాటే. సంస్కృతంలోని ‘ఆపః’కు ఇది దగ్గరి చుట్టం. రెండూ కలిసిన ‘గులాబ్’కు అర్థం పువ్వులను మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసిన నీరు, అంటే మనం పెళ్లిళ్లలో చల్లే పన్నీరు. ఇరాన్‌లో నేటికీ ఆ మాటకు అదే అర్థం. మన దేశానికి వచ్చాక నీటి పేరు పువ్వుకు స్థిరపడింది. మలయాళంలోనూ ఇదే జరిగింది: పన్నీరును ‘పనినీర్’ అంటారు, గులాబిని ‘పనినీర్ పూవ్’ అంటారు. (కూరలో వేసే పనీరుకు దీనితో సంబంధం లేదు. అది ఫారసీ నుంచి వచ్చిన వేరే మాట.)

‘గుల్’ కథ ఇంకా పాతది. ప్రాచీన ఇరానీ భాషలో అది ‘వృద’ వంటి రూపం. మొదటి ‘వృ’ ఫారసీలో ‘గు’ అయింది. భీముడిని వృకోదరుడు అంటాం కదా, ఆ ‘వృక’ శబ్దానికి ఫారసీ జ్ఞాతి ‘గుర్గ్’, అంటే తోడేలు. అక్కడా మార్పు ఇదే. అరబ్బీ ‘వర్ద్’, ఆర్మేనియన్ ‘వర్ద్’, గ్రీకు ‘రోదోన్’ అన్నీ ఈ కుటుంబానివే. ఇంత దూరంగా కనిపించే మాటలు ఒక్క పువ్వు దగ్గర కలుసుకోవడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

ప్రామాణిక అరబ్బీలో ‘గ’ ధ్వని లేదు కనుక ‘గులాబ్’ అక్కడ ‘జులాబ్’ అయింది. అర్థం తీపి పానకానికి మారింది. ఇంగ్లీషులోని ‘జూలెప్’ దాని నుంచి వచ్చిందే. మందును అలాంటి పానకంతో ఇచ్చేవారు కాబోలు, ఉర్దూలో ‘జులాబ్’ అంటే విరేచనాల మందు!

ఇక మీ రెండో ప్రశ్న. హిందీలో పువ్వు ‘గులాబ్’, రంగు ‘గులాబీ’. తెలుగులో ఆ తేడా లేదు, రెండింటికీ ఒకటే మాట. ‘నదీ’ మనకు ‘నది’ అయినట్టే చివరి దీర్ఘం పోయి ‘గులాబి’ అయింది. విడిగా రాసేటప్పుడు నేను దానినే ఎంచుకుంటాను. బహువచనంలో మాత్రం ‘గులాబీలు’ అనే వాడుక గట్టిగా నిలిచింది. దాన్ని దిద్దనవసరం లేదు.