దేవదాసు చచ్చాడని కాదు, పార్వతి అడిగిందని

ప్రశ్న ఏమిటంటే, దేవదాసు, లైలా మజ్ను, రోమియో జూలియట్ లాంటి పాత విషాద ప్రేమకథల్ని ఈ కాలం దర్శకులు మళ్ళీ తీసి పాడుచేస్తున్నారా అని.

పాడుచేస్తున్నారు. అందరూ కాదు గానీ ఎక్కువమంది. ఎందుకంటున్నానో చెప్పాలంటే మా అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

ఇంటర్ పరీక్షలు రాసి, తెనాలి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళిన ఎండాకాలం అది. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో 2002 నాటి హిందీ దేవదాస్ వేశారు. సంజయ్ లీలా భన్సాలీది, షారుఖ్ ఖాన్, ఐశ్వర్యా రాయ్, మాధురీ దీక్షిత్ చేసినది. అమ్మమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. నాకొచ్చిన హిందీ కూడా పరీక్ష గట్టెక్కేంతే. అయినా అనువాదం చేసే డ్యూటీ నాదే. ఆవిడ చేట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది.

అమ్మమ్మ మన తెలుగు దేవదాసుని 1953లో, పెళ్ళైన కొత్తల్లో చూసింది. తాతయ్య బండి కట్టించి తెనాలి తీసుకెళ్ళాడట. హాల్లో ఈవిడ ఏడ్చిన ఏడుపుకి ఆయనకు తల కొట్టేసినట్టయింది. 'ఎవడో తాగుబోతు చస్తే నీకంత ఏడుపేంటి' అని రెండు రోజులు మాట్లాడలేదట. ఈ కథ మా ఇంట్లో పండక్కి పండక్కి చెప్పుకుంటాం. నాకు అప్పటిదాకా తెలిసింది అంతవరకే.

సినిమాలో ఒక మేడ వచ్చింది. ఎటు చూసినా రంగు అద్దాలు, దీపాలు, స్తంభాలు. 'జమీందారు ఇల్లా?' అంది.

'కాదమ్మమ్మా, పార్వతి వాళ్ళిల్లు.'

చింతపండు మీద చెయ్యి ఆగిపోయింది. 'పార్వతి వాళ్ళిల్లా? మరి వీళ్ళకేం తక్కువని ఆ పిల్లని చేసుకోరూ?'

పార్వతి తల్లి వైపు వాళ్ళు ఆటపాటల వాళ్ళు కాబట్టి దేవదాసు ఇంట్లో చులకనగా చూస్తున్నారని ఏదో సర్దిచెప్పాను. ఆవిడ వినలేదు. 'ఆ అద్దాలు తుడవటానికే పదిమంది పనోళ్ళు కావాలి. ఇట్టాంటి ఇంటి పిల్లకి సంబంధం కుదరకపోవటం ఏందిరా, చోద్యం కాకపోతే.'

అక్కడితో సినిమా అయిపోయింది ఆవిడ వరకు. ఇంకా రెండు గంటలుంది అసలు సినిమా.

నేను ఆ తర్వాత ఎన్నో రివ్యూలు చదివాను, ఆ సెట్ల గురించి పేజీలకు పేజీలు రాశారు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ అనలేదు. ఈ కథకు మూలం, 1917లో అచ్చయిన శరత్ బెంగాలీ నవల. అందులో ఉన్నదంతా పక్కపక్క ఇళ్ళ మధ్య తేడా. ఒకరికి డబ్బూ వంశం ఉన్నాయి, ఇంకొకరికి లేవు. ఆ తేడా కంటికి కనబడాలి. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య గోడ ఉందని చూసేవాడికి అనిపించకపోతే, తర్వాత ఎంత ఏడ్చినా మనకెందుకు?

పార్వతి, దేవదాసుని ప్రేమించే వేశ్య చంద్రముఖి కలిసి నాట్యం చేసే పాట వచ్చింది. నవలలో ఆ ఇద్దరూ ఒకరినొకరు కలవనే కలవరు. అమ్మమ్మ 'వీళ్ళిద్దరికీ స్నేహం ఎప్పుడు కుదిరిందీ' అని అడిగింది గానీ, పాట అయ్యాక 'డాన్సు మాత్రం బాగా చేశారు' అని ఒప్పుకుంది. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు.

చివర్లో పార్వతి చీర కొంగు నేల మీద ఈడ్చుకుంటూ అత్తవారి మేడంతా పరిగెడుతోంది, గేటు మూసేస్తున్నారు, సరిగ్గా అప్పుడు సబ్బు ప్రకటన. దాని తర్వాత నగల కొట్టు, దాని తర్వాత ఇంకో సబ్బు. ఛానెళ్ళ వాళ్ళకి ఒక్క మనవి, బ్రేక్ ఎప్పుడివ్వాలో తేల్చే మనిషికి జీతం కాస్త పెంచి, బుద్ధున్న వాణ్ణి పెట్టుకోండి. తిరిగి సినిమా వచ్చేసరికి దేవదాసు పోయాడు. అమ్మమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

'ఏంటమ్మమ్మా, అప్పుడంత ఏడ్చావంట, ఇప్పుడేం లేదు?' అన్నాను వేళాకోళంగా.

'వాడు చచ్చాడని ఎవరు ఏడ్చార్రా? మీ తాతయ్యకీ అదే అర్థం కాలా. ఆ పిల్ల రాత్రిపూట ఒక్కత్తే వాడి గదికి వచ్చి నోరు తెరిచి అడిగింది చూడు. అడిగితే వాడు ఎవరన్నా చూశారేమోనని భయపడ్డాడు. అప్పుడు మొదలైంది నాకు ఏడుపు. ఆ రోజుల్లో ఏ పిల్ల అడుగుద్దిరా అట్టా?'

యాభై ఏళ్ళు ఆ మాట ఈవిడని ఎవరూ అడగలేదన్నమాట.

దేవదాసు కథ అంటే మనకు గడ్డం, సీసా, పక్కన కుక్క. ఎవడైనా నాలుగు రోజులు షేవింగ్ మానేస్తే 'ఏరా దేవదాసూ' అంటాం. ఆ బొమ్మ అలా స్థిరపడిపోవడానికి అక్కినేనే కారణం, అంత బాగా చేశారు. తాగినవాడి మత్తు కళ్ళలో కనిపించాలని రాత్రి షూటింగులకు ముందు పెరుగన్నం దండిగా తినేవాణ్ణని ఆయనే చెప్పుకున్నారు. కానీ ఆ కథకు గుండెకాయ తాగుడు కాదు. పార్వతి అడిగిన రాత్రి. వాడు పిరికివాడు, అంతే. అమ్మానాన్నల మాట దాటలేక పట్నం పారిపోయి అక్కణ్ణుంచి వద్దని ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం పోస్టులో పడ్డాక వెనక్కి తీసుకోలేడు. ఇప్పుడైతే వాట్సాప్‌లో డిలీట్ చేసి 'సారీ, పొరపాటున వచ్చింది' అనేవాడు.

భన్సాలీ సినిమాలో కూడా ఆ రాత్రి ఉంది. కాకపోతే ఆపాటికే వదిన విషం ఎక్కించేసింది, పార్వతి తల్లిని నలుగురిలో ఆడించి మరీ అవమానించారు. తప్పంతా చుట్టాల మీదికి పోయింది. హీరో పాపం అమాయకుడు! పిరికితనాన్ని కుట్రగా మార్చేస్తే మిగిలేది సీరియలే.

చంద్రముఖి, పార్వతి ఈ కథలో పక్కపాత్రలని నేను ఏ రోజూ అనుకోను. 1955 నాటి బిమల్ రాయ్ హిందీ దేవదాస్‌లో చంద్రముఖిగా చేసిన వైజయంతిమాలకు ఫిలింఫేర్ వాళ్ళు సహాయ నటి అవార్డు ఇస్తే, నాది సహాయ పాత్ర కాదు, పార్వతికి సమానమైన పాత్ర అని తిప్పికొట్టింది. సరిగ్గా చేసింది.

మన తెలుగులో ఈ మధ్య పరిస్థితి ఇంకా తమాషా. 2006లో దేవదాసు పేరుతోనే ఒక సినిమా వచ్చింది, శరత్ కథతో దానికి సంబంధం లేదు, పేరొక్కటే అద్దెకు తెచ్చుకున్నారు. దాన్ని వదిలేద్దాం. 2017లో వచ్చిన అర్జున్ రెడ్డిని మాత్రం అందరూ కొత్త దేవదాసు అన్నారు. గడ్డం ఉంది, మందు ఉంది, కుక్క కూడా ఉంది. లేనిది పార్వతి. అక్కడ అమ్మాయి వచ్చి అడగదు. అబ్బాయే చెంప మీద కొట్టి, ఆరు గంటల్లో తేల్చుకోమని గడువు పెడతాడు. హీరో భయం స్థానంలో హీరో కోపం కూర్చుంది, చివరికి కథ కూడా సుఖాంతమైంది. నటన గొప్పగా ఉందని కొట్లాటకొచ్చే స్నేహితులు నాకున్నారు. నటన సంగతి కాదురా బాబూ నేను చెప్పేది.

రోమియో జూలియట్ దారిలో వచ్చినవాటిలో నాకు సైరాట్ తర్వాతే ఏదైనా. 2016, మరాఠీ, నాగరాజ్ మంజులే. అక్కడ గోడ ఉంది, దాని పేరు కులం, దాన్ని ఎక్కడా దాచలేదు. చివరి నిమిషాల్లో శబ్దం ఉండదు, పసివాడి కాళ్ళకంటిన నెత్తుటి మరకలే ఉంటాయి. దాన్నే 2018లో హిందీలో ధడక్ అని తీసి, ఉదయపూర్ సరస్సులు, మేడలు చూపించి, కులాన్ని చెవిలో చెప్పినట్టు చెప్పారు. చూడండి, మళ్ళీ మేడలే! మా అమ్మమ్మ ప్రశ్న దానికీ వర్తిస్తుంది. అదే ఏడాది కశ్మీర్‌లో తీసిన హిందీ లైలా మజ్ను అప్పట్లో ఎవరికీ పట్టలేదు, 2024లో మళ్ళీ విడుదల చేస్తే జనం వెళ్ళారు. దాని గురించి చెప్పాలంటే ఇంకో జవాబు రాయాలి.

పాడుచేయనివాళ్ళలో నేను పెద్దపీట వేసేది దేవదాసునే ఈ కాలానికి మార్చిన 2009 నాటి హిందీ సినిమా దేవ్ డీకి. అనురాగ్ కశ్యప్ తీశాడు, అభయ్ డియోల్, మాహీ గిల్, కల్కి కేక్లా చేశారు. మర్యాదస్తులు ఛీ ఛీ అన్న సినిమా. అందులో పారో, అంటే పార్వతే, సైకిల్ మీద పరుపు కట్టుకుని పొలానికి వెళుతుంది. అడిగే పిల్ల ఎలా ఉంటుందో 92 ఏళ్ళ తర్వాత ఒకడికి గుర్తొచ్చింది. దేవ్ మాత్రం ఎవడో చెప్పిన పుకారు నమ్మి ఆమెను వదిలేస్తాడు. వదిన లేదు, కుట్ర లేదు, వాడి బుద్ధే అంత. శరత్ రాసింది అదే కదా. చివర్లో దేవ్‌ని చంపకపోవడం కూడా నాకు నచ్చింది. అంత గొప్ప చావుకు వాడు తగడు.

ఇవన్నీ నేను ఊరికే తీర్పు చెప్పడం లేదు. నన్నూ ఒకమ్మాయి అడిగింది, ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, ల్యాబ్ బయట మెట్ల మీద. నేను ముందు చేసిన పని అటూ ఇటూ చూడటం. ఎవరైనా విన్నారేమోనని. 'ఇంట్లో అడిగి చెప్తా' అన్నాను. చెప్పలేదు. నాకు గడ్డం కూడా సరిగ్గా రాలేదు.

ఆ ఏడాది సెలవుల్లోనే అమ్మమ్మకి దేవ్ డీ కథ చెప్పాను, చెప్పకూడనివి కొన్ని దాటేసి. పెళ్ళైన పారో ఒకసారి వాడుండే చోటుకి వచ్చి, ఆ కంపునంతా ఊడ్చి, బట్టలుతికి, వాడు మళ్ళీ మీదికి రాబోతే నీ స్థాయి ఇదని చెప్పి వెళ్ళిపోతుందని చెప్పాను. చెవి కాస్త మందగించింది అప్పటికి, రెండుసార్లు చెప్పించుకుంది.

'వెళ్ళిపోయిందా? మంచి పని చేసింది' అంది.

కాసేపాగి, 'మరి ముందు ఆ బట్టలుతకటం ఎందుకంటా?' అంది.