బెంచీల మధ్య నడిచే పని నీది

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, హనుమకొండ నుంచి నీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. అల్లుడి రోడ్డు పనుల వల్ల రాయచూరు, షోలాపూర్, ఇప్పుడు కలబురగి, ఇలా రెండేళ్లలో మూడు ఊళ్లు మారవలసి రావడం, మారిన ప్రతిచోటా పిల్లలు కొత్త బడిలో కొత్త భాషతో మళ్లీ మొదటి నుంచి తంటాలు పడడం చూడలేక, ఈ జూన్‌లో ఇద్దరినీ ఆన్‌లైన్ బడిలో చేర్పించావన్నావు. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి రోజంతా ఇంట్లోనే ఉంటే నీకు ఊపిరాడడం లేదనీ, మంచి పనే చేశావో లేదో తెలియడం లేదనీ కూడా అన్నావు. మీ పరిస్థితిలో ఆ నిర్ణయం తప్పని నేను అనను. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పినదాన్ని. 2020 మార్చిలో బడులు మూతపడింది మొదలు 2021 సెప్టెంబరు 1న తెలంగాణలో చిన్న తరగతులకు మళ్లీ తలుపులు తెరిచేదాకా మనవడి ఆన్‌లైన్ చదువును ఇంట్లో కళ్లారా చూసినదాన్ని. నాకు తెలిసింది నీకు రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగినది చెబుతాను. అప్పుడు మనవడు మూడో తరగతి. ఉదయం తొమ్మిదికల్లా స్నానం చేసి, తల దువ్వుకుని ట్యాబ్ ముందు కూర్చునేవాడు. టీచరమ్మ పేరు పిలవగానే 'ప్రెజెంట్ మేడమ్' అనేవాడు. ఒక్కరోజు హాజరు తప్పలేదు కనుక మేమంతా నిశ్చింతగా ఉన్నాం. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం వాడి లెక్కల నోటుపుస్తకం తెరిచి చూశాను. ప్రతి పేజీలోనూ ఎర్ర పెన్సిలుతో మార్జిను గీసి ఉంది. కుడివైపు మూలన తేదీ, పైన నీలి రంగులో పాఠం పేరు, దాని కింద స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు. ఆ గీతల కింద ఏమీ లేదు. ఇరవై ఏడు పేజీలు అలాగే ఉన్నాయి. తెర మీద భాగహారం ఎప్పుడో అయిపోయింది, వాడికి మాత్రం 84ను 4తో భాగించడం రాదు.

నేను కోపం ఆపుకోలేకపోయాను. మర్నాడు క్లాసు జరుగుతుండగానే పక్కన నిలబడి కేకలేశాను. మైకు తెరిచి ఉందని చూసుకోలేదు, క్లాసు పిల్లలంతా విన్నారు. ఆ తర్వాత మూడు వారాల పాటు వాడు కెమెరా తెరవలేదు, టీచరు ప్రశ్న అడిగితే నోరు విప్పలేదు. అంతకుముందు రానిది భాగహారం ఒక్కటే. నేను అరిచిన తర్వాత అడగడం కూడా మానేశాడు. నువ్వు ఏం చేసినా చేయకపోయినా, క్లాసు నడుస్తున్నంతసేపు పిల్లల్ని మందలించవద్దు. కెమెరాకు కనబడేటట్టు వెనక నిలబడవద్దు. జవాబు చెవిలో అందించవద్దు.

తరగతి గదిలో నేను చేసిన ఉద్యోగంలో పాఠం చెప్పడం సగమే, మిగతా సగం బెంచీల మధ్య నడవడం. బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి, సుద్దముక్క బల్ల మీద పెట్టి వరసల మధ్యకు వెళితే, ఎవరి పెన్సిలు ఆగిపోయిందో, ఎవరు పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తున్నారో, ఎవరు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మరిచిపోయి తీసివేత చేస్తున్నారో అక్కడికక్కడే తెలిసిపోయేది. ఆన్‌లైన్‌లో టీచరు పాఠం చెప్పగలరు, ప్రశ్న అడగగలరు, పరీక్ష కూడా పెట్టగలరు. పిల్లవాడి భుజం మీదుగా పుస్తకంలోకి చూడలేరు. ఆ ఒక్క పనీ ఇంట్లో పెద్దవాళ్ల మీద పడుతుంది.

2020 సెప్టెంబరు 1 నుంచి మన దగ్గర సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ, రాష్ట్ర ప్రభుత్వపు చదువుల చానెల్ టీ-శాట్‌లోనూ పాఠాలు ప్రసారమయ్యాయి కదా, మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నవాళ్ల అమ్మాయి మా టీవీలోనే వినేది. పాఠం కాగానే టీవీ కట్టేసి అరుగు మీద కూర్చుని వర్క్‌షీటు చేసుకునేది. వాళ్ల టీచరు వారంలో ఒకటి రెండుసార్లు వచ్చి, అదే అరుగు మీద కూర్చుని, ఆ కాగితాలు చూసి, తప్పుల దగ్గర ఆగి, మళ్లీ చేయించి వెళ్లేవారు. చేతిలో సొంత ట్యాబ్ ఉన్న మా మనవడి కంటే ఆ పిల్లే ఆ ఏడాది ఎక్కువ నేర్చుకుంది.

అందుకని అబ్బాయి విషయంలో రోజుకు పదిహేను నిమిషాలు చాలు. క్లాసులు అయ్యాక ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టించి, నోటుపుస్తకం తెరిపించి, ఆ రోజు చెప్పిన వాటిలో ఒక్క లెక్క నీ ఎదురుగా చేయమను. వాడు చేస్తున్నంతసేపు మాట్లాడకు. ఇది అన్నిటికంటే కష్టం, తప్పు కళ్లముందు కనబడుతుంటే నోరు ఊరుకోదు. అయినా ఓర్చుకుని, పూర్తయ్యాక 'ఇది ఎలా చేశావో చెప్పు నాన్నా' అని మాత్రం అడుగు. చెబుతూ చెబుతూ సగం తప్పులు వాడే పట్టుకుంటాడు. పట్టుకోలేకపోతే నీ చిన్నప్పటి పద్ధతి నేర్పబోవద్దు, టీచరు ఒక దారిలో, తల్లి ఇంకో దారిలో చెబితే పిల్లవాడు రెండూ వదిలేస్తాడు. 'రెండంకెల సంఖ్యతో భాగించేటప్పుడు రెండో అంకె దిగగానే ఆగిపోతున్నాడు' అని టీచరుకు ఒక్క వాక్యం రాసి పంపు. 'మావాడు లెక్కల్లో వెనకబడ్డాడు' అని రాస్తే ఏ టీచరూ ఏమీ చేయలేరు, ఎక్కడ ఆగిపోయాడో రాస్తే మర్నాడే సరిచేయగలరు.

క్లాసు వేళను బడి వేళగానే ఇంట్లో అందరూ పాటించాలి. బడికి వెళ్లిన పిల్లవాణ్ణి పాల ప్యాకెట్టు తెమ్మని వెనక్కి పిలవం కదా. చుట్టాలు వచ్చారని పలకరించడానికి లేపడం, ఫోనులో ఏదో చూసిపెట్టమని పిలవడం చిన్న విషయాల్లాగే కనబడతాయి కానీ, పిల్లలకు మాత్రం ఈ బడి ఉత్తుత్తి బడి అని నేర్పేవి అవే. ఈ మాట మీ అత్తగారికి నువ్వు కాక అల్లుడే చెప్పడం మంచిది. చోటు కూడా ఒకటే ఉండాలి. మంచం మీద వద్దు, తలుపు మూసిన గదిలో అసలే వద్దు.

ఇక అమ్మాయి గురించి. తమ్ముడి క్లాసు లింకు తెరిచిపెట్టడం, హోంవర్కు ఫోటో తీసి పంపడం, మధ్యలో వాడికి అన్నం పెట్టడం అంతా అదే చూసుకుంటోందని నువ్వు మురిపెంగా చెప్పావు. నాకు ఆ మాట దగ్గరే మనసు చివుక్కుమంది. బడులు మూతపడిన ఆ ఏడాదిన్నరలో నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో ఆడపిల్లల చదువు ఇలాగే జారిపోయింది. ఎవరూ మానమనలేదు. ఇంట్లోనే ఉంది కదా అని ముందు ఒక పని, తర్వాత ఇంకో పని చెప్పారు; పిల్ల మంచిది కనుక కాదనలేదు; కెమెరా ఆపేసి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని గిన్నెలు తోముతూ భౌతికశాస్త్రం విన్న పిల్లను నేను చూశాను. తమ్ముడిని చూసుకునే బాధ్యత దాని నెత్తి మీద నుంచి ఈ రోజే తీసెయ్యి. బడికి వెళ్లే రోజుల్లో ఇంటిపని ఎంత చేసేదో ఇప్పుడూ అంతే చేయాలి, తమ్ముడూ తన వయసుకు తగినంత చేయాలి. అమ్మాయి పుస్తకాలు రోజూ తిరగేయవద్దు, ఆ వయసు పిల్లలు దాన్ని అనుమానంగా తీసుకుంటారు. ఆదివారం ఒక అరగంట కూర్చుని, ఆ వారం నేర్చుకున్న వాటిలో తనకు నచ్చినది నీకు చెప్పమను. నీకు అర్థం కాని చోట నిజంగానే అడుగు.

తెర ముందు ఎంతసేపు అన్నావు. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'ప్రజ్ఞత' పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల ఆన్‌లైన్ తరగతులు రెండుకు మించవద్దనీ, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకు మించవద్దనీ చెప్పారు. అవి ఆ కష్టకాలానికి రాసినవే అయినా కొలబద్దగా ఇప్పటికీ పనికొస్తాయి. మీ టైంటేబుల్ దానికి రెండు మూడింతలు ఉంటే, టీచరు చెబుతుండగా తెర ముందు కూర్చోవలసినవి ఏవో, పుస్తకం చూసి చేసుకోగలిగినవి ఏవో బడివాళ్లను అడుగు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు, మీ వాకిట్లో చెట్టేదైనా ఉంటే దాన్ని గుర్తు పెట్టుకోమను. సాయంత్రం ఎండలో ఆట కూడా కళ్ల కోసమే అనుకో, పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనబడే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుంది.

నువ్వు అడగని విషయం ఒకటి ఉంది. ఆ ఆన్‌లైన్ బడి ఏ బోర్డు సర్టిఫికెట్ ఇప్పిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకున్నావా? ఇలాంటి బడులు చాలావరకు పాఠాలు చెప్పి, పరీక్ష మాత్రం 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూలు ద్వారా రాయిస్తాయి. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని సర్టిఫికెట్‌కు లోటేమీ లేదు. కానీ అక్కడ పదో తరగతిలో చేరాలంటే 14 ఏళ్లు నిండాలి కనుక అమ్మాయి పుట్టిన తేదీని ఇప్పుడే లెక్క చూసుకో. చిన్న తరగతులకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన స్థాయిలు ఉన్నాయి. తెలుగును ఒక భాషగా తీసుకోవచ్చు, మీరు ఏ ఊళ్లో ఉన్నా దాన్ని వదలనివ్వకు. మన దగ్గర తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం కూడా ఉంది. ఏ బోర్డయినా పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి, కలంతో రెండు మూడు గంటలు కూర్చుని రాయవలసినదే. తెర మీద గుర్తులు పెట్టడానికి అలవాటుపడిన చేతికి గంట గడిచేసరికి వేళ్లు లాగుతాయి. అమ్మాయి చేత వారానికొకసారి గడియారం పెట్టి గంటసేపు రాయించు.

పిల్లలు ఎదుటి పిల్లల్ని చూడకుండా పెరగకూడదు. ఊరు మారగానే ముందు వెతకవలసింది ఆటస్థలం, గ్రంథాలయం. క్లాసు గ్రూపులో తెలియని వాళ్లెవరైనా విడిగా మాట కలిపితే నీకు చెప్పేంత చనువు ఇద్దరికీ ఉండాలి. అవసరం పడితే పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాలకు 1930 నంబర్లు గోడ మీద రాసిపెట్టు.

ఊపిరాడడం లేదన్నావే, దాని సంగతి. ఆ పదిహేను నిమిషాలూ, ఆదివారం అరగంటా తప్ప మిగతా రోజంతా వాళ్ల వెంట ఉండనక్కర్లేదు. రాత్రి మర్నాటి టైంటేబుల్ చూసి, ఛార్జింగ్ పెట్టి, పుస్తకాలు సర్దించే పని అల్లుడికి అప్పగించు, ఇంటికి ఎంత ఆలస్యంగా వచ్చినా అది చేయగలడు. పిల్లలు తిండి, నిద్ర తగ్గించినా, క్లాసు అనగానే కడుపునొప్పి అంటున్నా, మునుపటి స్నేహితుల మాటే ఎత్తడం మానేసినా, ఏడాది పూర్తయ్యేదాకా ఆగవద్దు. విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, టీసీ రావడం ఆలస్యమైందని బడి వాళ్లు కాదనడానికి వీల్లేదు. అలా తిరిగి చేర్పించవలసి వస్తే ఓడిపోయామని అనుకోవద్దు, ఎవరో ఏదో అంటారని అసలే అనుకోవద్దు.

దసరాకు వస్తామన్నారు కదా, వీలైతే ఎంగిలిపూల బతుకమ్మ నాటికే రండి. అమ్మాయిని వేయిస్తంభాల గుడికి తీసుకెళతాను, మా వీధి పిల్లలంతా వస్తారు. బట్టలతో పాటు ఇద్దరి నోటుపుస్తకాలూ సంచిలో పెట్టుకురా. అబ్బాయి భాగహారం నేను చూస్తాను.

ఇట్లు,
నీ మేనత్త