గోలందాజు కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

1857 తిరుగుబాటులో ఢిల్లీ సేనని నడిపిన గోలందాజు (ఫిరంగి సిపాయి) బఖ్త్ ఖాన్ మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటి నాలుగు పేజీలు కొట్టేయమంటాను, కోపం తెచ్చుకోకు. 1857 మే 31న బరేలీలో ఆయన చేత కత్తి దూయించి పెద్ద ఉపన్యాసం ఇప్పించావు. నలభై ఏళ్ళు ఈస్టిండియా కంపెనీ ఉప్పు తిన్న సుబేదారు అలా మాట్లాడితే నాకు నాటకమే కనిపించింది, మనిషి కనిపించలేదు.

ముందు ఆయన పని నేర్చుకో. ఒకడు తడి కుంచె కర్రతో ఫిరంగి గొట్టం లోపల తుడుస్తాడు. అంతసేపూ ఇంకొకడు వెనక ఉన్న వత్తి రంధ్రాన్ని బొటనవేలితో నొక్కిపట్టాలి, వేలు కాలకుండా తోలు తొడుక్కుని. వేలు జారి గాలి దూరిందా, లోపల మిగిలిన నిప్పురవ్వ రాజుకుంటుంది. అప్పుడు మందు కూరేవాడి చేతులుండవు. రోజూ పక్కవాడి బొటనవేలిని నమ్ముకుని బతికినవాళ్ళు గోలందాజులు. తిరగబడ్డాక కూడా అదే డ్రిల్లు, అదీ కంపెనీ నేర్పిందే. నీ కథలో ఆ వేలు ఎక్కడా లేదు!

ఇంకో సంగతి నీ చేతిలోనే ఉంది, వదిలేశావు. 1842లో జలాలాబాద్ కోటలో ఆఫ్ఘన్ల ముట్టడికి ఎదురు నిలిచిన కంపెనీ సైన్యంలో ఆయన ఉన్నాడు. ఫిబ్రవరిలో భూకంపం వచ్చి గోడలు కూలితే మళ్ళీ కట్టుకున్నారు. పదిహేనేళ్ళకి ఢిల్లీలోనూ గోడల లోపలే ఉన్నాడు. ఈసారి బయట ఉన్నది కంపెనీ. ఆ రెండు గోడలనీ పక్కపక్కన పెట్టు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఆయన్ని ఆరడుగుల వీరుడిగా, గుర్రం మీద మెరుపులా చూపించావు. ఆయన్ని ఎరిగిన తెల్ల అధికారులు రాసింది చూడు: పెద్ద పొట్ట, స్వారీ బొత్తిగా రాదు, డ్రిల్లులో మాత్రం దిట్ట. శత్రువు రాత కదా, వెటకారం కొంత తీసేసి చదవాలి. అయినా ఆ పొట్ట ఉంచెయ్. మొగల్ పాదుషా బహదూర్ షా సర్వ సేనాధిపతిని చేసింది ఆ మనిషినే.

ఆగస్టు 25న నజఫ్‌గఢ్ సంగతి రెండు వాక్యాల్లో దాటేశావు. నాకైతే కథంతా అక్కడే ఉంది. ఢిల్లీ గోడలు పగలగొట్టడానికి తెల్లవాళ్ళు తెప్పిస్తున్న ముట్టడి ఫిరంగులు ఇంకా దారిలోనే ఉన్నాయి, వాటిని ఆపాలని తిరుగుబాటు సేన బయల్దేరింది. వానాకాలం, ఎక్కడ చూసినా బురద. నీమచ్ నుంచి వచ్చిన తిరుగుబాటు దళం ఒంటరిగా తెల్ల సేనాని నికల్సన్‌కి చిక్కింది, బఖ్త్ ఖాన్ దళం అందుకోలేకపోయింది. సెప్టెంబరు మొదట్లో ఆ ఫిరంగులు చేరాయి, ఆ నెలలోనే ఢిల్లీ పడిపోయింది. ఫిరంగి అంటే ఏమిటో ఆయనకంటే తెలిసినవాడు ఆ ఊళ్ళో ఎవడు?

ఆ తర్వాత తెల్లవాళ్ళు పర్వత దళాలు (కొండల్లో వాడే చిన్న ఫిరంగులవి) తప్ప మిగతా ఫిరంగులేవీ మనవాళ్ళ చేతికి ఇవ్వలేదు, 1935 దాకా. దీన్ని కథలో పెట్టకు, రాసేటప్పుడు గుర్తుంచుకో.

వాన, బురదలతో మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తియ్యి, నా కళ్ళజోడు మారింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు