గురువారం రాత్రికి నిజ్వా చేరండి

చి.ల.సౌ. స్రవంతికి,

మామయ్య ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

జనవరిలో ఒమన్ వెళ్దామని మీరు రాసుకున్న పట్టీ చూశాను. ఎనిమిది రాత్రులు, ఏడు హోటళ్లు! అది విహారం కాదమ్మా, పెట్టెలు కట్టి విప్పే కొలువు. హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పదకొండింటికో పన్నెండింటికో గది ఖాళీ చేయమంటారు, కొత్త గది రెండు మూడు దాటితే కానీ ఇవ్వరు. ఈ మధ్యలో ఎండలో కారు, కారులో మీరు. ఎడారి దేశంలో చూడదగ్గదంతా పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాతే. అందుకని ఏ ఊళ్లో తెల్లవారాలో, ఏ ఊళ్లో పొద్దుగూకాలో ముందు తేల్చుకోండి. గదులు దాన్నిబట్టి తీసుకోవచ్చు.

అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. గురు, శుక్రవారం రాత్రులు కొండమీదా ఇసుకలోనూ గదుల ధరలు ఎక్కుతాయి, మస్కట్ జనమంతా అక్కడే ఉంటారు. నిజ్వాలో మేకల సంత మాత్రం శుక్రవారం పొద్దున. కాబట్టి గురువారం రాత్రి నిజ్వాలో పడుకోవాలి. ఈ ఒక్క మేకు దిగ్గొట్టేస్తే మిగతాదంతా దాని చుట్టూ దానంతటదే కుదురుతుంది. మంగళ, బుధ మస్కట్. గురు, శుక్ర నిజ్వా. శని, ఆదివారాలు జబల్ అఖ్దర్ కొండ, అప్పటికి వారాంతపు జనం దిగిపోతారు. సోమవారం ఇసుకలో గుడారం. మంగళవారం సముద్రం పక్క రోడ్డున వెనక్కొచ్చి విమానాశ్రయం దగ్గర నిద్ర, బుధవారం విమానం. తాబేళ్ల కోసం రాసుకున్న రస్ అల్ జింజ్ కొట్టేశాను. అవి గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేది ఎండాకాలంలో. జనవరిలో ఒక్క తాబేలు కోసం ఒక రాత్రి ఖర్చు పెట్టడం నాకు నచ్చలేదు. ప్రయాణం ఫిబ్రవరికి జరిగేట్టుంటే మాత్రం రంజాన్ ఎప్పుడొస్తోందో చూసుకోండి. ఆ నెల పగలు బయట మంచినీళ్లు తాగడానికి కూడా వీలుండదు.

వీసా రాయల్ ఒమన్ పోలీస్ వారి సైట్లోనే తీసుకోండి. నీ పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి పేరే ఉంది కదా, టికెట్, వీసా, హోటల్ అన్నీ ఆ పేరుమీదే ఉండాలి. కొత్త ఇంటిపేరు ఒక్క చోట పడ్డా కౌంటర్ దగ్గర తంటా. అల్లుడుగారు ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, దాంతోపాటు మన లైసెన్సు కూడా వెంట ఉంచుకోవాలి.

మీ అత్తగారు కట్టే పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లండి కానీ గసగసాలు పడ్డ మసాలా ఒక్క చెంచా కూడా వద్దు. గల్ఫ్‌లో చాలాచోట్ల అది మత్తుపదార్థం కింద లెక్క. ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులూ అంతే, దగ్గు మందు సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. మిగతా మాత్రలు డాక్టరు చీటీతో, అసలు అట్టలతోనే పెట్టుకోండి. ప్లగ్గు మూడు చదరపు కాళ్లది, ఎడాప్టర్ ఇక్కడే కొనండి.

డబ్బు సంగతి. రియాల్‌కి వెయ్యి బైసాలు. మెనూలో 1.500 అని ఉంటే ఒకటిన్నర రియాల్ అన్నమాట. చుక్క తర్వాత మూడంకెలు చూసి మొదటిరోజు అందరూ తడబడతారు. రియాల్ విలువ మన డబ్బులో రెండు వందలు దాటుతుంది కాబట్టి ‘పదే కదా’ అనుకుని తీసేది రెండు వేలు. హోటల్ ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే సర్వీస్ ఛార్జీ, పన్నులు, 5 శాతం వ్యాట్ ఇంకా కలపలేదని. అన్నీ కలిపి ఎంతో రాతపూర్వకంగా అడిగాకే పోల్చి చూడండి. హోటలూ, కార్లవాళ్లూ డిపాజిట్ కింద కార్డు మీద కొంత మొత్తం ఆపుతారు. డెబిట్ కార్డు ఇచ్చారంటే మీ సొంత డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది. క్రెడిట్ కార్డే ఇవ్వండి, అదీ కారు నడిపేవారి పేరుమీద ఉన్నది.

కారు ఫోర్ వీల్ డ్రైవే తీసుకోండి. షోకు కోసం కాదు. జబల్ అఖ్దర్ ఎక్కేచోట, బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఆపి చూస్తారు, మామూలు కారైతే వెనక్కి పంపేస్తారు. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయండి. అద్దం మీద రాయి దెబ్బ, టైర్ల పక్కలు, స్టెప్నీ, జాకీ, అన్నీ. రోజుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తున్నారో చూసుకోండి, మీ తిరుగుడు మొత్తం వెయ్యి దాటచ్చు. పెట్రోలు లీటరు పావు రియాల్ లోపే, దాని గురించి బెంగ లేదు. బెంగల్లా ఒప్పందంలో చిన్న అక్షరాలతో ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవే ఇచ్చినా, రోడ్డు దిగి నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని చాలామంది రాస్తారు.

అక్కడ బండి కుడివైపున నడపాలి. తిన్నగా పోయేటప్పుడు ఇబ్బందుండదు. తప్పు జరిగేది పెట్రోలు బంకులోంచి ఖాళీ రోడ్డు మీదకి తిరిగేటప్పుడు, చెయ్యి అలవాటుగా ఎడమకి లాగుతుంది. పక్కన కూర్చున్న నువ్వు ప్రతి మలుపులో ‘కుడి’ అనాలి, ఆయన విసుక్కున్నా సరే. రౌండెబౌట్లో ఇప్పటికే లోపల ఉన్నవాళ్లదే దారి, వాళ్లు మీ ఎడమవైపు నుంచి వస్తారు. హైవే మీద చాలాచోట్ల 120, అడుగడుగునా కెమెరాలు. చీకటి పడ్డాక ఊరు దాటి నడపొద్దు, ఒంటెలు రోడ్డు మీదకొస్తాయి. ఒంటెని గుద్దితే కాళ్లు విరిగి, ఆ మొండెం తిన్నగా ముందు అద్దం మీద పడుతుంది. పొడుగు కాళ్ల జంతువు కదా.

మస్కట్ అంటే ఒక ఊరనుకోకండి, కొండకీ సముద్రానికీ మధ్య పొడుగ్గా సాగిన ఊళ్ల వరస. విమానాశ్రయం, పెద్ద మసీదు ఒక కొస వైపు, మత్రా బజారు ఇంకో కొసన. మధ్యలో అల్ ఖువైర్, ఘుబ్రా ప్రాంతాల్లో గది తీసుకుంటే రెండు వైపులా సుళువు. మీ విమానం తెల్లవారుజామున దిగేదైతే ముందు రాత్రికి కూడా గది తీసేసుకోండి. లేకపోతే మధ్యాహ్నం దాకా రిసెప్షన్ సోఫాలో కునికిపాట్లే. ఆ పెద్ద మసీదు, అంటే సుల్తాన్ ఖబూస్ మసీదు, ముస్లింలు కాని మనలాంటి వాళ్లకి శనివారం నుంచి గురువారం వరకు పొద్దున 8 నుంచి 11 దాకానే. బుధవారం ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండండి. ఆడవాళ్లు తల, మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా కాళ్లు కప్పుకోవాలి. చీర కట్టుకుంటే నడుం కనిపిస్తుంది, పొడుగు చేతుల చుడీదారే మేలు. మత్రా బజారు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది, సాయంత్రమే వెళ్లండి.

నిజ్వా సుమారు 160 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. అక్కడ కోట పక్క పాతపేటలో మట్టి ఇళ్లను సత్రాల్లా మార్చి గదులిస్తున్నారు. పెద్ద హోటళ్లు వదిలేసి అందులోనే దిగండి. శుక్రవారం పొద్దున కారు పెట్టుకునే చోటు కోసం వెతుక్కోకుండా నడిచి సంతకి పోవచ్చు. లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు, కింది గది అడగండి. ఇద్దరికీ కలిపి రెండు చిన్న పెట్టెలు చాలు.

సంతకి ఆరున్నరకల్లా వెళ్లాలి. గుండ్రటి దారిలో అమ్మేవాళ్లు మేకల్ని తాళ్లతో నడిపిస్తూ ధర అరుస్తుంటారు, కొనేవాళ్లు లోపలా బయటా రెండు వరసల్లో నిలబడి చెయ్యి చాచి ఆపుతారు. నోరు తెరిచి పళ్లు చూసి, పొదుగు నొక్కి చూసి, కాదని వదిలేస్తే మేక మళ్లీ నడుస్తుంది. ఆ నడిచే దారిలో మాత్రం నిలబడకండి, కొమ్ము ఎటునుంచి తగులుతుందో తెలీదు. ఆడవాళ్ల ఫొటోలు అడక్కుండా తీయొద్దు. తొమ్మిదికల్లా అయిపోతుంది. తర్వాత నమాజు అయ్యేదాకా ఊరంతా మూత, పడుకోండి. మూడింటికి లేచి మిస్ఫా అల్ అబ్రియీన్ అనే ఊరికి వెళితే ఖర్జూరపు తోటల మధ్య ఫలజ్ కాలువలు చూడచ్చు. కొండ కింది నీటిని వాలు మీద పారించి వంతులవారీగా పంచుకునే పద్ధతి అది. ఇలాంటివి ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన చెరువు కింద నీరటికాడి లెక్క తెలిసినవాళ్లకి అక్కడ ఒక గంట ఎలా పోయిందో తెలీదు.

జబల్ అఖ్దర్ పైన ఊళ్లు రెండు వేల మీటర్ల ఎత్తున ఉంటాయి. జనవరి రాత్రి మంచి చలి, స్వెటర్లు తప్పనిసరి. గదిలో హీటరుందా అని ముందే అడగండి. గులాబీలు మార్చి చివర్లో కానీ పూయవు, అవి ఉంటాయనుకుని వెళ్లకండి. లోయ అంచున గది అన్న ప్రతి హోటలూ ప్రతి గదికీ లోయ చూపించదు, బుకింగులో ‘లోయ వైపు’ అని ఉందో లేదో చూడండి. కాస్త ఎక్కువ పెట్టాల్సింది ఈ ప్రయాణం మొత్తంలో ఆ గదికే. దిగేటప్పుడు తక్కువ గేరులో పెట్టి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచాలి. బ్రేకు మీద కాలేసుకుని దిగితే అది కాగిపోయి పట్టు వదిలేస్తుంది. కాలిన వాసనొస్తే పక్కకి ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు.

సోమవారం తొమ్మిదింటికి దిగితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం, బిదియా చేరతారు. షర్కియా ఇసుక తిన్నెలు అక్కడినుంచే మొదలు. పాత పేరు వహీబా. గుడారానికి డబ్బు కట్టే ముందు నాలుగు అడగండి. బాత్‌రూము గుడారానికి అంటుకునే ఉందా, కరెంటు రాత్రంతా ఉంటుందా, వేణ్ణీళ్లొస్తాయా, తారురోడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు ఇసుకలోకి. రెండు విడి మంచాలా, ఒకటే పెద్దదా అన్నది కూడా అడిగి రాయించుకోండి, కొత్త జంటలు ఇక్కడే బిక్కమొహం వేస్తారు. శాకాహారం ముందురోజే చెప్పండి, లేదంటే అన్నం, పప్పు, సలాడే గతి.

ఇసుకలోకి మీ కారు తీసుకెళ్లొద్దు. కారు ఊళ్లో పెట్టి క్యాంపువాళ్ల బండెక్కండి, ఆ ఖర్చు ముందే మాట్లాడుకోండి. ఇసుకలో నడవాలంటే టైర్ల గాలి 15–18 పీఎస్ఐకి దించాలి. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది, బిగుతుగా ఉంటే కోసుకుంటూ దిగబడుతుంది. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. అలవాటున్నవాళ్లు వెంటనే ఆపి, చక్రాల ముందు ఇసుక చేత్తో తీసి, గాలి ఇంకొంచెం తగ్గించి, మెల్లగా వెనక్కి వస్తారు. సెలవు రోజుల్లో నేర్చుకోవాల్సిన విద్య కాదది. తిన్నెల మీద బండి ఎగిరించే ఆట ఉంటుంది, నడుం నొప్పున్నా, కడుపుతో ఉన్నా వద్దు.

మూడింటికల్లా చేరితే ఐదున్నర ప్రాంతంలో సూర్యాస్తమయానికి తిన్నె ఎక్కడానికి వ్యవధి ఉంటుంది. శిఖరం అంచున గాలికి గట్టిపడ్డ ఇసుక మీద నడవండి, జారుడు వైపు ఎక్కితే రెండడుగులు వేస్తే ఒకటిన్నర వెనక్కే. అల్లుడుగారు కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోవాలి. ఫోను చార్జింగు రంధ్రంలో ఇసుక పడకుండా ప్లాస్టిక్ కవరు. చెప్పులు పొద్దున దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి. ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ, ఇస్తే కుడిచేత్తో అందుకోండి. కప్పు ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును రెండు వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, నోటితో వద్దన్నా పోస్తారు.

మంగళవారం ఎనిమిదింటికల్లా బయల్దేరి సూర్ మీదుగా వాడీ షాబ్ చేరండి. వాడీ అంటే మన వాగే, పేరు కూడా దగ్గరే. పడవ రానూపోనూ మనిషికి రియాల్. ఆపైన ముప్పావు గంట రాళ్ల మీద నడక, తడిసినా జారని బూట్లు కావాలి. చివరి మడుగు ఈదాలి, ఈత రాకపోతే లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు. నీళ్లలోకి టీషర్టు, మోకాళ్లు కప్పే నిక్కరు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు వీపున ఉండాలి, కారులో ఎప్పుడూ ఇంకో పది లీటర్లు. ముందురోజు కొండల్లో వానని చెబితే వాడీ మానేసి తిన్నగా మస్కట్ పొండి. మీ తలమీద ఆకాశం నీలంగానే ఉంటుంది, వరద పైనుంచి ఒక్కసారిగా వచ్చేస్తుంది. రోడ్డుకి అడ్డంగా పారుతున్న వాగులో కారు దింపడం అక్కడ చట్టప్రకారం నేరం.

చివరి రాత్రి విమానాశ్రయానికి దగ్గర్లో మామూలు గది చాలు, నిద్రకే కదా. కారు తిరిగిచ్చేముందు ఇసుక దులిపి కడిగించండి, లేకపోతే వాళ్లు కడిగి మీకు బిల్లేస్తారు. ఒమన్ హల్వా జావలా ఉంటుంది కాబట్టి చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో పెట్టండి.

టికెట్లు తీసేముందు తేదీలు, వారాలు రాసి నాకు ఒకసారి పంపు.

ఇట్లు,
మామయ్య